ఒక డ్రెయిను, ఇద్దరు ప్రెసిడెంట్లు

మా అన్నయ్య ఫోన్ చేసేసరికి నాకు జ్వరం అప్పుడే తగ్గింది. నోరింకా చేదుగానే ఉంది. ఏలూరులో ఎడతెరిపి లేని వాన. ఉతికిన బట్టలు ఆరక ఇల్లంతా ముక్కవాసన.

“చేలన్నీ మునిగున్నాయే అమ్మాయీ. వరి పొట్ట మీదుంది. డ్రెయిను కిందకి లాగట్లేదు. కింద ఊరి ప్రెసిడెంటు నీ దగ్గర చదువుకున్న పిల్లేనంట కదా, నువ్వోసారి వచ్చి మాట్లాడు” అన్నాడు.

“నువ్వూ ప్రెసిడెంటువే కదా అన్నయ్యా. నువ్వే మాట్లాడు.”

“నాతో మాట్లాడదు. అమెరికా ప్రెసిడెంట్ల కాగితాలే చదివొచ్చావు. ఈ మాత్రం చెయ్యలేవా?” అన్నాడు.

మా ఇంట్లో ఈ మాట చాలా ఏళ్ళుగా నడుస్తోంది. తోడికోడళ్ళు మాట్లాడుకోకపోయినా, చర్చి కమిటీలో ఇద్దరు పెద్దలు మొహాలు తిప్పుకున్నా, చివరికి నన్ను పిలుస్తారు. అమెరికా వెళ్ళి ఆ కాగితాలు చదివొచ్చినందుకు నాకు మిగిలిన హోదా అదే.

నేను తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పి రిటైరయ్యాను. సర్వీసు మధ్యలో ఒక ఫెలోషిప్ వచ్చి, అమెరికాలో ఒక మాజీ అధ్యక్షుడి పత్రాలు దాచిన లైబ్రరీలో ఒక చలికాలం గడిపాను. రెండు పొరుగు దేశాల మధ్య నీళ్ళ తగాదా వస్తే, ఆ అధ్యక్షుడి మనుషులు మధ్యలో కూర్చుని మాట్లాడించారు. ఆ మాటలు ఎలా నడిచాయన్నది నా థీసిస్. వెళ్ళే ముందు నా ఊహలు పెద్దగా ఉండేవి. దేశాలను నడిపే వాళ్ళ మాటలు కదా, చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుందనుకున్నాను.

అక్కడ పెన్ను లోపలికి రానివ్వరు. పెన్సిలే. ఒక్కసారికి ఒక్క అట్టపెట్టె ఇస్తారు. అందులోంచి ఒక్క ఫోల్డరే తియ్యాలి. ఆ ఫోల్డర్లలో ముప్పాతిక భాగం ఏముందంటే, ఎవరి కారు ముందు రావాలి, ఎవరు ఏ వైపు కుర్చీలో కూర్చోవాలి, భోజనంలో ఎవరికి ఏ మాంసం పెట్టకూడదు, ముందు ఎవరు పత్రికల వాళ్ళతో మాట్లాడాలి. ఒక మంత్రికి నడుం నొప్పి కాబట్టి మెత్తటి కుర్చీ వెయ్యాలని, వేస్తే రెండో ఆయనకీ అలాంటిదే వెయ్యాలని ఇద్దరు అధికారుల మధ్య పేజీలకు పేజీలు నడిచింది. నీళ్ళ గురించి ఉన్న కాగితాలు పలచగా ఉన్నాయి. మొదట్లో చిరాకు పడ్డాను. ఇంత దూరం వచ్చింది కుర్చీల గురించి చదవడానికా అనిపించేది.

అదే గదిలో రోజూ ఒక పెద్దాయన వచ్చి కూర్చునేవాడు. బాగా ముసలివాడు, చెవులకి మిషన్లు. పరిశోధకుడేమో అనుకున్నాను. కాదు. వయసులో ఉండగా విదేశాంగ శాఖలో చిన్న ఉద్యోగమట. చర్చలు జరుగుతుంటే మూల కూర్చుని రాసుకోవడం ఆయన పని. ఇప్పుడు భార్య పోయింది, కాలక్షేపం లేదు, తను రాసిన కాగితాలు తనే చదువుకోవడానికి వస్తున్నాడు. కింద క్యాంటీన్‌లో ఒకరోజు నా ఎదురుగా కూర్చున్నాడు. నేను చదువుతున్న చర్చల్లో ఒక సమావేశానికి ఆయనే రాతగాడని అప్పుడు తెలిసింది.

“ఆ సమావేశం స్నేహపూర్వక వాతావరణంలో జరిగిందని రాశారు కదండీ” అన్నాను.

“రాశాను. ఆ గదిలో స్నేహమేమీ లేదమ్మా. ఉక్కపోత ఉంది. ఒకాయన బల్ల మీద కాగితాలు విసిరేశాడు కూడా.”

“మరి ఒప్పందం ఎలా కుదిరింది?”

“అలిసిపోయారు. అందరికీ ఇంటికి వెళ్ళాలని ఉంది. పోట్లాడే ఓపిక ఎవరికీ మిగల్లేదు. అప్పుడు కుదిరింది.”

“అదే రాసుండచ్చు కదా?”

ఆయన నాకేసి జాలిగా చూశాడు. “మర్నాడు వాళ్ళిద్దరూ మళ్ళీ అదే గదిలోకి రావాలి” అన్నాడు.

ఆ మాట నా థీసిస్‌లో పెట్టలేదు. పెట్టడానికి ఆధారం ఏముంది? క్యాంటీన్‌లో విన్న మాటకి ఫుట్‌నోట్ ఉండదు. డాక్టరేటు వచ్చింది. ఆ పుస్తకం కాలేజీ లైబ్రరీలో పై అరలోకి చేరింది. దౌత్యం, సహకారం, పరస్పర విశ్వాసం అంటూ ఏళ్ళ తరబడి బోర్డు మీద రాశాను. ఫ్యాను కింద పిల్లలు కునుకుతుండేవాళ్ళు. వాళ్ళని తప్పు పట్టను. చివరి సంవత్సరాల్లో నాకూ కునుకు వచ్చేది.

ఇంతకీ అన్నయ్య ఊరు ముదినేపల్లి వైపు. మా నాన్న అక్కడ మిషన్ బళ్ళో మాస్టారుగా చేసి, చివరికి కాస్త పొలం కొన్నాడు. అన్నయ్య ఆ పొలంలోనే ఉండిపోయాడు. చేల మురుగు నీరంతా డ్రెయినులో పడి, కిందికి పోయి కొల్లేట్లో కలుస్తుంది. కలిసే చోట ఉన్న ఊరిది చేపల మీద బతుకు. మొన్నమొన్నటి దాకా పైది కృష్ణా జిల్లా, కిందిది పశ్చిమ గోదావరి. ఇప్పుడు రెండూ ఏలూరు జిల్లాలోకే వచ్చాయి. హద్దు పోయింది గానీ తగువు ఉన్న చోటే ఉంది. పై ఊరి వాళ్ళు తమ దగ్గర నీళ్ళ మీద పెరిగిన గుర్రపుడెక్కని నెట్టి కిందికి వదిలేస్తారు. అది పోయి దోనెలు కదలకుండా పేరుకుంటుంది. కింది ఊరి వాళ్ళు ఆ డెక్క రాకుండా, చేప పోకుండా, డ్రెయినుకి అడ్డంగా తడికలు పాతి వలలు కడతారు. దాంతో నీళ్ళు ఎగదన్ని చేలు మునుగుతాయి.

మర్నాడు బస్సెక్కి కైకలూరులో దిగి, ఆటోలో ఊరికి వెళ్ళాను. అన్నయ్య లుంగీ ఎగ్గట్టి చేను గట్టు మీద నిలబడి ఉన్నాడు. ఎక్కడ చూసినా నీళ్ళు, పైన వరి ఆకుల కొసలు మాత్రమే. నన్ను చూసి పలకరించను కూడా లేదు. వంగి, ఒక దుబ్బు పీకి నా చేతిలో పెట్టాడు. మొదలు మెత్తబడి వాసన వస్తోంది.

“ఇంకా కొన్నాళ్ళు ఇలాగే ఉంటే ఏమీ మిగలదు” అన్నాడు.

“ఆ అమ్మాయి ఎందుకు మాట్లాడదు నీతో?”

“నాకేం తెలుసు? పొగరు.”

ఇంటికెళ్ళాక వదిన వంటింట్లోంచి వచ్చి నా చెవిలో చెప్పింది. “కిందటేడు మనూరి కుర్రాళ్ళు కొడవళ్ళతో వెళ్ళి వాళ్ళ వలలు కోసొచ్చారండీ. ఈయన ఆపలేదు. అదొకటి. ఈ మధ్య ఈయనే ఫోన్ చేసి, ‘ఏమ్మా, మీ ఆయన లేడా, ఆయనకివ్వు’ అన్నారు. ఆవిడ పెట్టేసింది.”

నాకు ఆ మంత్రుల మెత్తటి కుర్చీలు గుర్తుకొచ్చాయి. నవ్వు రాలేదు. నీరసం వచ్చింది.

కింది ఊరికి రోడ్డు మునిగింది. దోనె మీద దాటించారు. ఆ అమ్మాయి పంచాయతీ ఆఫీసు అరుగు మీద నిలబడి ఎదురుచూస్తోంది. కాలేజీలో చదివేటప్పుడు బక్కపల్చగా, చివరి బెంచీలో కూర్చుని, అడిగితే తప్ప నోరు విప్పేది కాదు. హాస్టల్లో ఉండి బి.ఏ. చదివిన మొదటి పిల్ల వాళ్ళ ఊళ్ళో. ఇప్పుడు జుట్టులో తెల్ల వెంట్రుకలు, గొంతులో బరువు.

“రండి మేడమ్ గారండీ. ఈ వానలో మిమ్మల్ని పంపించారా?” అంది. ఎవరు పంపించారో అడగలేదు.

టీ ఇచ్చింది. నేను విషయం ఎత్తాను. ఆవిడ నన్ను లేపి, ఊరి వెనక్కి తీసుకెళ్ళి చూపించింది. కనుచూపు మేర గుర్రపుడెక్క. నీలం పువ్వులు కూడా పూసి ఉన్నాయి. దాని మధ్యలో దోనెలు ఇరుక్కుపోయి ఉన్నాయి.

“ఇది మాది కాదండీ. పైనుంచి వచ్చిందే. మా వాళ్ళు వేటకెళ్ళి ఎన్నాళ్ళయిందో చూడండి. తడికలు తీసెయ్యమంటారు. తీస్తే ఇంకా వస్తుంది. వాళ్ళ చేలు చేలే గానీ, మా నీళ్ళు నీళ్ళు కావా అండీ?”

“నువ్వు, మా అన్నయ్య ఒకచోట కూర్చుంటే…”

“ఏవండీ మేడమ్, ఆయన దృష్టిలో ఈ ఊరికి ప్రెసిడెంటు మా ఆయనండీ. ఆయన్నే పిలిచి కూర్చోబెట్టుకోమనండి.” కోపంగా అనలేదు. అలిసిపోయినట్టు అంది. వాళ్ళాయన కూడా పక్కనే ఉన్నాడు. “నాకెందుకండీ ఈ గొడవ, నేను వలేసుకునేవాణ్ణి” అని దోనెల వైపు వెళ్ళిపోయాడు.

ఆ తరవాత నేను పైకీ కిందికీ తిరిగాను. అన్నయ్య ఆవిడ ఊరికి వెళ్ళనన్నాడు. ఆవిడ అన్నయ్య ఊరికి రానంది. తడికలు ముందు తియ్యమని ఈయన, డెక్క ముందు ఎత్తమని ఆవిడ. ఇక్కడి మాట అక్కడ చెప్పేటప్పుడు ముళ్ళు తీసి చెప్పేదాన్ని. ‘ఆ పిల్లకేం తెలుసు’ అని అన్నయ్య అంటే, ‘మీ ఇబ్బంది పూర్తిగా తెలీదంటున్నాడు’ అని చెప్పేదాన్ని. జ్వరం తగ్గిన ఒళ్ళు, ఆటోల కుదుపులు, తడిసిన చెప్పులు. అన్నయ్య ఇంటికొచ్చి మంచం మీద పడితే, నాకెందుకిదంతా అనిపించేది. ఆ పొలంలో నా వాటా లేదు. ఆ చేపల్లోనూ లేదు.

కలిసే చోటు చివరికి నేనే తేల్చాను. డ్రెయిను మీద వంతెన పక్కన ఒక బస్ షెల్టర్ ఉంది. పాత జిల్లా హద్దు అక్కడే ఉండేది. అది ఏ ఊరిదీ కాదు. మొదటిసారి పిలిస్తే అన్నయ్య ఆలస్యంగా వచ్చాడు. ఆవిడ వానలో నిలబడి, నిలబడి, వెళ్ళిపోయింది. వెళ్తూ ఒక్క మాట కూడా అనలేదు. దానికన్నా నాలుగు తిట్టి వెళ్తే బాగుండేది.

ఆ సాయంత్రం అన్నయ్య మీద మొదటిసారి గట్టిగా అరిచాను. “నువ్వు సారీ చెప్పక్కర్లేదు. నీకది చేతకాదని నాకు తెలుసు. ఆవిణ్ణి నీ ఫోన్లోంచి పిలు. ఆవిణ్ణే పిలు. ఏమని పిలవాలో నీకు తెలుసు.”

అన్నయ్య చాలాసేపు ఫోన్ చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. వదిన వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగింది. చివరికి లేచి నిలబడి నంబరు నొక్కాడు. అవతల ఎత్తారు. గొంతు సవరించుకుని, “నమస్కారం ప్రెసిడెంటు గారండీ” అన్నాడు. చిన్నప్పుడు మా నాన్న ముందు పాఠం అప్పజెప్పేటప్పుడు ఇలాగే నిలబడేవాడు. “ఇవాళ నా వల్ల మీరు తడిశారు. రేపు ముందుగానే వస్తానండి.” అంతే. అవతల ఏమన్నదో మాకు వినపడలేదు. ఫోన్ పెట్టేసి, “సరేనంది” అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు మేం పిలిపించిన డ్రెయినేజీ శాఖ ఇంజనీరు కూడా వచ్చాడు. పాపం ఆయనకి జలుబు. షెల్టర్‌లో ఉన్నది ఒక్కటే సిమెంటు బల్ల. పక్కపక్కన కూర్చోమంటే ఇద్దరూ నిలబడే ఉంటారని, ఎదురుగా ఉన్న టీ కొట్టు నుంచి ప్లాస్టిక్ కుర్చీలు అడిగి తెచ్చాను. ఒకదానికి చేతులున్నాయి, మిగతా వాటికి లేవు. ఆ చేతుల కుర్చీ వెనక్కిచ్చేసి అన్నీ ఒకే రకం వేయించాను. టీ కొట్టతను, “కుర్చీల్లో ఏముందండీ, అన్నీ ఒకటే కదండీ” అన్నాడు. అతనికి చెప్పే ఓపిక నాకు లేదు.

మాటలు బాగా నడిచాయని అబద్ధం చెప్పను. తెగిన వలల సంగతి వచ్చింది. అన్నయ్య వెంట వచ్చిన వాళ్ళలో ఒకాయన, “మేము కోశామని సాక్ష్యం ఉందా?” అన్నాడు. ఆవిడ వెంట వచ్చిన ముసలాయన లేచి భుజం మీది తువ్వాలు విదిలించాడు. ఇంజనీరు, ఇది మా శాఖ ఒక్కదాని వల్ల అయ్యేది కాదని మొదలుపెట్టి, తుమ్ముతూ మధ్యలో ఆపేశాడు. ఎవరు ముందు చెయ్యాలన్న దగ్గరే మాట తిరిగి తిరిగి వచ్చి ఆగిపోతోంది. టీలు వచ్చాయి, పోయాయి. వాన పెద్దదై షెల్టర్ లోపలికి జల్లు కొట్టింది. అందరం కుర్చీలు వెనక్కి లాక్కుని ఒకే గోడకి చేరాం. చివరికి ఎవరూ మాట్లాడ్డం లేదు. డ్రెయినులో నీళ్ళ చప్పుడు కూడా లేదు. అది కదిలితే కదా చప్పుడు చెయ్యడానికి.

ఆవిడే అంది. “ముందూ వెనకా ఎందుకండీ. తెల్లారగానే మీ వాళ్ళు పైనుంచి డెక్క ఎత్తడం మొదలుపెట్టండి. ఇక్కణ్ణించి మాకు కనపడుతుంది. మీరు దిగడం చూడగానే మేము తడికలు పీకుతాం.”

అన్నయ్య ఇంజనీరు వైపు చూశాడు. ఆయన ముక్కు తుడుచుకుని, డెక్క ఎత్తే మిషన్ ఒకటి పంపిస్తానన్నాడు. అన్నయ్య నేలకేసి చూస్తూ, “ఎత్తిన డెక్క గట్టు మీదే వేస్తాంలెండి. మళ్ళీ నీళ్ళల్లోకి నెట్టం” అన్నాడు. అది ఎవరూ అడగలేదు. తనంతట తనే అన్నాడు.

“మేడమ్ గారూ, మీరే మినిట్స్ రాసిపెట్టండి. నాకు కళ్ళు మండిపోతున్నాయి” అని ఇంజనీరు కాగితం నా ముందు పెట్టాడు. తువ్వాలు విదిలించడం, సాక్ష్యం అడగడం, అన్నీ నా చెవుల్లోనే ఉన్నాయి. రాయబోయి పక్కకి చూశాను. అన్నయ్య, ఆవిడ ఎవరి గొడుగు వాళ్ళు వెతుక్కుంటున్నారు. రెండు గ్రామాల ప్రతినిధులు స్నేహపూర్వకంగా చర్చించి ఏకాభిప్రాయానికి వచ్చారని రాశాను. ఇద్దరూ సంతకాలు పెట్టారు. చదివి కూడా చూడలేదు.

తెల్లారి గట్టు మీదికి వెళ్ళాను. పై వంపులో మా ఊరి వాళ్ళు నడుం లోతు నీళ్ళలోకి దిగి డెక్క లాగుతున్నారు. కాసేపటికి కిందనుంచి తడికలు పీకుతున్న చప్పుడు వినిపించింది. మిషన్ మధ్యాహ్నానికి గానీ రాలేదు. అప్పటికే కింది ఊరి వాళ్ళు కొందరు తమ పని ముగించుకుని, దోనెల మీద పైకి వచ్చి మా వాళ్ళతో పాటు డెక్క లాగడం మొదలుపెట్టారు. ఎవరూ పిలవలేదు. డెక్క కదిలితే గానీ వాళ్ళ దోనెలు కదలవు. సాయంత్రానికి నీళ్ళు నెమ్మదిగా లాగాయి. గట్టు అంచున తడి గీత ఒకటి పైకి తేలింది.

అన్నయ్య పంట సగం పోయింది. మిగతా సగం నిలబడింది. కింది ఊళ్ళో వలల్లోంచి ఎంత చేప పోయిందో ఆవిడ చెప్పలేదు, నేనూ అడగలేదు. పేపర్లో చిన్న వార్త వచ్చింది. ప్రజల సహకారంతో అధికారులు డ్రెయిను బాగు చేశారని ఉంది. అన్నయ్య దాన్ని చదివి మడిచి, టీ గ్లాసు కింద పెట్టాడు.

నేను ఏలూరు వచ్చి మళ్ళీ జ్వరంతో పడుకున్నాను. ఆ లైబ్రరీ పెద్దాయన బతికుంటే రాసి చెబుదును. అయినా ఆయన చిరునామా ఎప్పుడూ అడగలేదు. నాకు తెలిసిన విషయమేదైనా ఉందంటే, ఆ గదుల్లోనూ ఈ షెల్టర్‌లోనూ మనుషులు మంచివాళ్ళై కలవలేదు. రేపు పొద్దున్నే లేచి అవతలి వాడి మొహం చూడక తప్పదు కాబట్టి కలిశారు. క్లాసులో ఇది చెప్పి ఉంటే పిల్లలు మేలుకునేవాళ్ళో లేదో నాకు తెలీదు.

ఈ ఏడూ వానలు పడ్డాయి. గుర్రపుడెక్క మళ్ళీ పెరిగింది. జలుబు ఇంజనీరుకి బదిలీ అయిందట. అన్నయ్య ఫోన్ కోసం ఎదురుచూశాను, రాకూడదని కూడా కోరుకున్నాను. మోకాళ్ళు ఇప్పుడు దోనె ఎక్కనివ్వవు. పోయిన వారం ఆవిడ ఫోన్ చేసింది.

“కొత్త ఇంజనీరు గారొచ్చారండీ మేడమ్. ఈ డ్రెయిను తన సెక్షన్లోకి రాదంటున్నారండీ. మీకో మాట చెబుదామని చేశాను. మీరు రానక్కర్లేదండీ, మీ అన్నయ్య గారూ నేనూ ఆఫీసుకెళ్ళి కలిసొచ్చాం. సోమవారం మళ్ళీ రమ్మన్నారు.”

“ఇద్దరూ కలిసి వెళ్ళారా?” అన్నాను.

“లేదండీ, ఎవరి ఆటోలో వాళ్ళం వెళ్ళాం. వచ్చేటప్పుడు మాత్రం ఒకదాంట్లోనే వచ్చామండీ. రెండోది దొరకలేదు.”